సర్వేయర్లు పారేసే నీటి లెక్క

పర్లాకిమిడిలో పదహారేళ్లుగా సర్వే పనులు చేస్తున్నాను, ప్రైవేటుగా. పొద్దున కాశీనగర్ వైపు ఒక గట్టు తగువు, మధ్యాహ్నం మహేంద్రతనయ దాటి పాతపట్నంలో ఒక లేఅవుట్. ఇవతల ఒడియాలో పట్టా, అవతల తెలుగులో అడంగల్. కాగితాలు వేరు, ఆఫీసులు వేరు, కొలిచే మిషను మాత్రం ఒకటే. ఉపగ్రహాల సిగ్నల్‌తో చోటు కొలిచే ఆ మిషన్ని మేం డీజీపీఎస్ అంటాం. ఆంధ్రాలో రీసర్వే మొదలయ్యాక ఊళ్లలో అందరూ రోవర్ అంటున్నారు.

కిందటేడు జూలైలో కాశీనగర్ దగ్గర ఒక పల్లెలో పని పడింది. దగ్గర్లో నమ్మదగ్గ కంట్రోల్ పాయింటు, అంటే ముందే కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తు, లేదు. బడి మేడ మీద ట్రైపాడ్ వేసి, లెవెల్ బుడగ మధ్యకి తెచ్చి, ఒకే చోట నిలిపి ఉంచే బేస్ రిసీవర్‌ని తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కదలకుండా వదిలేశాను. పొలం ఆసామి డెబ్బై దాటిన తాత. మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆకు కదలడం లేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఏటి బాబూ, పొద్దుటేల నుంచి అలా నిలబెట్టేసినావు. ఏటి సూస్తంది అది?"

"పైన ఉపగ్రహాలుంటాయి కదా తాతా, వాటి సిగ్నల్ పట్టుకుంటంది."

"మబ్బేసేసింది కదా, మరెలాగొస్తాది?"

"మబ్బుకి ఆగదు తాతా. కొంచెం లేటవుద్ది, అంతే."

"అయితే వానెప్పుడో సెప్తాదా?"

లేదు తాతా, ఇది భూమి కొలవడానికే అన్నాను.

సాయంత్రం నాలుగున్నరకి పట్టుకున్న వాన రాత్రి తొమ్మిదింటి దాకా వదల్లేదు. ఇంటికొచ్చి తల తుడుచుకుని, ఫైలుని అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవగల రైనెక్స్ రూపం‌లోకి మార్చి, కెనడా ప్రభుత్వం నడిపే ఉచిత ఆన్‌లైన్ లెక్కింపు సేవకి పంపాను. మాలాంటి వాళ్లు చాలామంది వాడతారు దాన్ని. కాసేపటికి మెయిల్లో రిపోర్టు వచ్చింది. నాకు కావలసినవి మొదటి పేజీలోని అక్షాంశం, రేఖాంశం, ఎత్తు. అన్నేళ్లుగా అంతవరకే చూసి మూసేసేవాణ్ని. ఆ రాత్రి వాన చప్పుడుకి నిద్ర రాక పేజీలు తిప్పుతుంటే ఒక గ్రాఫు కనిపించింది. పేరు ట్రోపోస్ఫియర్ జెనిత్ డిలే, అంటే నెత్తి మీది గాలి సిగ్నల్‌ని ఎంత ఆలస్యం చేసిందో చెప్పే లెక్క. తొమ్మిది నుంచి పదకొండు దాకా గీత దాదాపు అడ్డంగా ఉంది. పదకొండు తర్వాత పైకి లేచింది. నేను ట్రైపాడ్ మడిచే వేళకి నాలుగు సెంటీమీటర్లకి పైగా ఎక్కేసింది.

తాతకి నేను చెప్పిన జవాబు సగం తప్పు. వానెప్పుడో ఆ మిషను చెప్పలేదు, నిజమే. కానీ తల మీద నీరు కూడుతోందని మాత్రం చెప్పింది, అది కూడా వానకి ఐదారు గంటల ముందు. వినేవాళ్లే లేరు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను అడగబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఒక్కోదాంట్లో అణు గడియారం ఉంటుంది. "ఫలానా క్షణంలో బయల్దేరాను" అని సిగ్నల్ పంపుతుంది, అది కిందికి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి మన రిసీవరు దూరం లెక్కకడుతుంది. కాంతి ఒక నానో సెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి కాలంలో ఇసుమంత తేడా వచ్చినా దూరం మారిపోతుంది. దారంతా శూన్యమైతే గొడవే లేదు. చివర్లో గాలి అడ్డొస్తుంది. పైన అయనోస్ఫియర్ కూడా సిగ్నల్‌ని అటూ ఇటూ చేస్తుంది గానీ, ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కో రకంగా చేస్తుంది. అందుకే ఉపగ్రహం కనీసం రెండు ఫ్రీక్వెన్సీల్లో పంపుతుంది, జీపీఎస్‌లో అవి 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్. రెండూ పోల్చి చూస్తే ఆ తేడా దాదాపు మొత్తం పోతుంది. కింది గాలి అలా కాదు. అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా నెమ్మదింపజేస్తుంది. ఆ ఆలస్యం ఎంతో లెక్కలోనే పట్టుకోవాలి.

సముద్రమట్టం దగ్గర నిట్టనిలువుగా చూస్తే ఆ ఆలస్యం దూరంలో చెప్పాలంటే సుమారు 2.3 నుంచి 2.7 మీటర్ల దాకా ఉంటుంది. అందులో సుమారు 2.3 మీటర్లు పొడి గాలిది. అది గాలి బరువుని బట్టి ఉంటుంది కాబట్టి, రిసీవరు పక్కన మంచి బారోమీటరు ఉంటే ఎంతో లెక్కగట్టి తీసేయొచ్చు. మిగిలేది తడి భాగం. చలికాలం పొడి రోజున కొద్ది సెంటీమీటర్లు, మా దగ్గర శ్రావణంలో 35, 40 సెంటీమీటర్ల దాకా. ఇది పూర్తిగా నీటి ఆవిరి పని. నీటి అణువుకి ఒక పక్క కాస్త ధనావేశం, ఇంకో పక్క కాస్త ఋణావేశం ఉంటాయి, అందువల్ల రేడియో తరంగాన్ని అది మామూలు గాలి కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టి లాగుతుంది.

ఈ తడి ఆలస్యాన్ని సుమారు 6.4తో భాగిస్తే, మన తల మీద నేల నుంచి ఆకాశం దాకా ఉన్న ఆవిరంతా ఒక్కసారిగా నీరై కిందికి దిగితే ఎంత లోతు నిలుస్తుందో తెలుస్తుంది. 38 సెంటీమీటర్ల ఆలస్యం అంటే దగ్గర దగ్గర 60 మిల్లీమీటర్ల నీరు. గాలి ఉష్ణోగ్రతని బట్టి ఆ అంకె కొద్దిగా మారుతుంది. బెవిస్, బిజింగర్ తదితరులు 1992లో ఈ పద్ధతినంతా ఒక శాస్త్ర పత్రంలో వివరించారు. అక్కడి నుంచి దీనికి జీపీఎస్ మెటియొరాలజీ అన్న పేరు స్థిరపడింది. జాగ్రత్తగా చేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలో నీటి లెక్క వస్తుంది, అదీ ఐదు పది నిమిషాలకోసారి, మబ్బున్నా, వాన పడుతున్నా, అర్ధరాత్రైనా.

మా అమ్మ దగ్గర ఒక ఉప్పు జాడీ ఉంది. రాళ్లుప్పు చెమర్చి అడుగున నీరూరితే ఇవాళ వడియాలు పెట్టొద్దంటుంది. చాలాసార్లు ఆవిడ మాటే నెగ్గుతుంది. కానీ జాడీ చెప్పేది వంటింట్లోని గాలి సంగతి. మేడ మీది యాంటెన్నా నేల నుంచి పది కిలోమీటర్ల ఎత్తు దాకా ఉన్న తేమని మొత్తంగా కూడి చెప్తుంది. వానకి కావలసింది ఆ మొత్తం.

మరి సర్వేయర్లు దీన్ని ఎందుకు పారేస్తారంటే, పారేయకపోతే పని చెడుతుంది. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టరు కోసం కొండవాలున పిల్లకాలువకి లెవెల్స్ తీశాను. బేస్ కింద మైదానంలో, చేత్తో తిప్పే రోవర్ పైన వాలులో. మధ్యాహ్నానికి కింద ఉక్కపోత ముదిరింది, పైన చల్లగాలి. సాఫ్ట్‌వేర్‌లో గాలి మోడల్ ఏదో ఒకటిలే అని వదిలేశాను. బేస్‌కీ రోవర్‌కీ మధ్య నిలువు ఆలస్యంలో ఒక సెంటీమీటరు తప్పుంటే ఎత్తులో సుమారు మూడు సెంటీమీటర్లు తప్పొస్తుందని అప్పటికి నాకు తెలియదు. కాలువ వాలు ఉండేదే కిలోమీటరుకి కొద్ది సెంటీమీటర్లు. మర్నాడు లెవెల్ మిషనుతో సరిచూస్తే కొన్నిచోట్ల నీరు వెనక్కి పారేలా ఉంది. ఆ పనంతా నా ఖర్చుతో మళ్లీ చేశాను. అప్పట్నుంచి ఆ ఆలస్యాన్ని శత్రువుని చూసినట్టు చూశాను. లెక్కలో పట్టుకోవడం, తీసి అవతల పడేయడం.

2018 అక్టోబరు సంగతి మా జిల్లాలో ఎవరూ మర్చిపోలేరు. తిత్లీ తుఫాను 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అంతకుముందు ఐదేళ్లలో ఫైలిన్, హుద్‌హుద్ చూసినవాళ్లం. రెండూ అక్టోబరు 12నే వచ్చాయి, 2013లో ఒకటి, 2014లో ఇంకోటి. తుఫాను అంటే మా మనసులో గాలే. రేకులు తాళ్లతో కట్టుకున్నాం, కొబ్బరిచెట్ల కింద నుంచి పశువుల్ని విప్పేశాం. నీటి గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. సముద్రం మాకు దూరం కదా అన్న ధీమా. కానీ ఆ తేమంతా తూర్పు కనుమలకి కొట్టుకుని పైకి లేచి కొండల మీదే కుమ్మరించింది. గజపతి జిల్లాలో బరఘరా అనే గ్రామంలో వానకి గుహలో తలదాచుకున్న మనుషుల మీద కొండచరియ విరిగిపడింది. పిల్లలు కూడా పోయారు. ఇటు వంశధార పొంగి కాశీనగర్ పొలాలు ముంచింది, అదే నీరు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి శ్రీకాకుళం ఊళ్లలోకి దిగింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. వంశధార కలహండి కొండల్లో పుట్టి, తన దారిలో సగానికి పైగా ఒడిశాలోనే నడిచి, ఆంధ్రాలోకి వస్తుంది. కింద మునిగేవాడి ప్రాణం పైన పడే వాన మీద ఆధారపడి ఉంది. ఆ పైన, కొండల మీద, ఆవిరి కూడుతోందో లేదో కొలిచే కన్ను చాలా తక్కువ. కొలవగల పరికరాలు మాత్రం, వేరే పని కోసం, ఇప్పటికే మన మధ్య నిలబడి ఉన్నాయి. వాటి లెక్కని ప్రజలకి చూపించాలి. నా వాదన ఇంతే.

రాడార్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. గోపాలపూర్‌లో ఉంది, విశాఖలో ఉంది. పర్లాకిమిడికి గోపాలపూర్ నేరుగా గీత గీస్తే సుమారు నూరు కిలోమీటర్లు, విశాఖ సుమారు నూట నలభై. భూమి గుండ్రం కాబట్టి నూరు కిలోమీటర్ల దూరం వచ్చేసరికి రాడారు కింది కిరణం కూడా కిలోమీటరున్నర ఎత్తులో పోతుంది. దారిలో మహేంద్రగిరి, 1,501 మీటర్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాతావరణ రాడారు ప్రధానంగా చూసేది చినుకుల్ని. చినుకు తయారయ్యాక చెప్తుంది, కాక ముందు ఆవిరిగా ఉన్నప్పుడు దానికి పెద్దగా కనపడదు. బెలూన్లు ఆవిరిని కొలుస్తాయి, చాలా చక్కగా కొలుస్తాయి. కానీ అవి ఎగిరేది పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, మాకు దగ్గరగా అంటే విశాఖ, భువనేశ్వర్‌లలో. ఆ రెంటి మధ్య పన్నెండు గంటల్లో ఏం జరిగిందో బెలూను చెప్పలేదు. కాశీనగర్‌లో నేను చూసిన పెరుగుదల మొత్తం ఆ ఖాళీలోనే జరిగింది. ఇన్సాట్ ఉపగ్రహాల పరారుణ సౌండరు ఉంది, ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ అన్నది పైనుంచి చూస్తుంది, కానీ అది మబ్బుని దాటి చూడలేదు. మాకు చూడవలసిందల్లా మబ్బు పట్టిన రోజునే.

ఇక ఉన్న పరికరాల మాట. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా వెయ్యికి పైగా కోర్స్ స్టేషన్లు పెట్టింది. రాత్రింబగళ్లు ఆగకుండా ఉపగ్రహాల సిగ్నల్ నమోదు చేస్తూ, మా రోవర్లకి సవరణలు పంపే స్తంభాలవి. మేం పొలంలో నిలబడి "ఫిక్స్ వచ్చిందా" (కచ్చితమైన చోటు దొరికిందా) అని చూసేది వాటి పుణ్యమే. పెట్టింది భూమి రికార్డుల కోసం, మ్యాపుల కోసం. ఆ ప్రతి స్తంభమూ ప్రతి క్షణమూ తన తల మీది నీటిని కూడా కొలుస్తోంది. భారత వాతావరణ శాఖకి ఈ విలువ తెలియక కాదు. ఆవిరి కొలవడానికే ప్రత్యేకంగా 25 జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ వ్యవస్థలన్నిటికీ ఉమ్మడి పేరు) స్టేషన్లు పెట్టుకుంది. ఇంత దేశానికి పాతిక ఎక్కడ, వెయ్యి ఎక్కడ! ఆ రెంటినీ కలిపి లెక్కకట్టి, జిల్లాలవారీగా అందరికీ కనిపించేలా పెట్టమని అడుగుతున్నాను. తుఫాను వచ్చేటప్పుడు గాలి వేగం చూసుకుంటున్నట్టే, కొండల మీద నీరు గంటగంటకీ ఎంత పెరుగుతోందో కూడా చూసుకోగలగాలి.

జపాన్ వాళ్లు చేసి చూపించారు. భూకంపాల కోసం, భూమి కదలిక కోసం సుమారు 1,300 స్టేషన్లతో జియోనెట్ పెట్టుకున్నారు. 2009 నుంచి అక్కడి వాతావరణ సంస్థ ఆ స్టేషన్ల ఆవిరి లెక్కని తన వాన మోడల్‌లోకి తీసుకుంటోంది. యూరప్‌లో ఈ-జీవ్యాప్ అనే ఉమ్మడి ఏర్పాటు 2005 నుంచి నడుస్తోంది. అక్కడ చిన్న చిన్న దేశాలు పక్కపక్కన ఉంటాయి, ఒకరి మీద లేచిన మబ్బు ఇంకొకరి మీద పడుతుంది. కొలతలు పంచుకోకపోతే అందరికీ నష్టమేనని వాళ్లకి తెలుసు. మహేంద్రతనయకి ఇవతల ఒడ్డునా అవతల ఒడ్డునా ఉండే మాకు అది ఇంకా బాగా తెలియాలి.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆవిరి ఎక్కువున్నంత మాత్రాన వాన పడి తీరాలని లేదు. వర్షాకాలంలో మా తీరం మీద ఎప్పుడూ 60 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది, అయినా వారాల తరబడి ఎండ కాస్తుంది. గాలులు ఒక చోటికి చేరాలి, పైకి లేవాలి, చల్లబడాలి. అందుకే అంకె ఒక్కటే చూసి హెచ్చరిక ఇవ్వకూడదు. రెండు మూడు గంటల్లో అంకె ఎలా ఎక్కుతోంది, పక్క స్టేషన్లో ఎలా ఉంది, తేమ ఏ వైపు నుంచి కదిలొస్తోంది అన్నవి కలిపి చూడాలి. ఒంటరి రిసీవరుతో నేను ఏమీ తేల్చలేను. పలాస, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వరసగా చూస్తే తీరం నుంచి కొండల్లోకి ఆవిరి నడిచొచ్చే దారి కనిపిస్తుంది. రాడారునీ బెలూనునీ తీసేయమని నేను అనడం లేదు. అవి చూడలేని గంటల్ని, చోట్లని ఇది పూడుస్తుంది.

ఇంకో సంగతి నన్ను దీనికంటే ఎక్కువగా పట్టి ఉంచింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టుకోగలిగే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇది భౌతికశాస్త్రం, ఎవరి అభిప్రాయమూ కాదు. బొగ్గుపులుసు వాయువు వేడి పెంచుతుంది, వేడికి ఆవిరి పెరుగుతుంది, ఆ ఆవిరి మళ్లీ వేడిని పట్టి ఉంచుతుంది. మా ప్రాంతంలో ఆవిరి నిజంగా ఎంత పెరుగుతోందో తెలియాలంటే ఇరవై, ముప్ఫై ఏళ్ల కొలత కావాలి, అదీ ఒకే చోట, ఒకే తీరుగా. బెలూన్లలో సెన్సార్లు తరం మారినప్పుడల్లా అంకెల్లో చిన్న గెంతు వస్తుంది. జీఎన్ఎస్ఎస్ కొలిచేది కాలాన్ని, కాబట్టి ఆ బెడద తక్కువ. అసలు లేకపోలేదు, యాంటెన్నా మార్చినా, పక్కన చెట్టు ఏపుగా ఎదిగినా గీత ఎగుడుదిగుడు అవుతుంది. బెంగళూరు ఐఐఎస్సీలో, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో ఏళ్ల తరబడి నడుస్తున్న స్టేషన్లు ఉన్నాయి. అలాంటి ఓపిక మా కొండల్లోని స్తంభాలకీ కావాలి. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. రీసర్వే పూర్తయిపోతే, ఇక అవసరం లేదని ఎవరో స్తంభం కరెంటు కట్ చేస్తారు, లేదా మేడకి రంగులేస్తూ యాంటెన్నాని రెండడుగులు జరుపుతారు. భూమి పనికి అది పెద్ద తప్పు కాదు, మళ్లీ కొలుచుకోవచ్చు. వాతావరణ రికార్డుకి మాత్రం ఆ రోజుతో తెగిపోయినట్టే. పోయిన సంవత్సరాలని ఎవరూ తిరిగి కొలవలేరు.

పైనుంచి కూడా ఇదే పని చేస్తున్నారని ఒక్క మాట చెప్పి ముందుకి పోతాను. కింది కక్ష్యలో తిరిగే ఉపగ్రహం, భూమి అంచుకి అవతల అస్తమిస్తున్న జీపీఎస్ ఉపగ్రహం సిగ్నల్‌ని పట్టుకుంటుంది. గాలి పొరల గుండా వంగి వచ్చిన ఆ సిగ్నల్ నుంచి ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ అన్నది తీస్తారు. 2006లో ఎగిరిన కాస్మిక్ ఉపగ్రహాలు ఆరూ ఇదే చేశాయి. మన ఓషన్‌శాట్-2 మీద, 2011లో వెళ్లిన మేఘ-ట్రాపిక్స్ మీద కూడా ఇలాంటి పరికరం ఉండేది. సముద్రం మీద స్తంభాలు పాతలేం కాబట్టి అక్కడ అదే దిక్కు. నేల మీద మాత్రం స్తంభం చాలు.

ఖర్చు ఎక్కువ అంటారేమో. స్తంభం ఉంది, రిసీవరు ఉంది, నెట్ ఉంది. ఒక్కో చోట మంచి బారోమీటరు, థర్మామీటరు కావాలి, లెక్కకట్టే సర్వర్లు కావాలి. కొండల్లో ఒక్క కల్వర్టు కొట్టుకుపోతే కట్టే ఖర్చు ముందు అదెంత! రహస్యమంటారా, 2021 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు, 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ జియోస్పేషియల్ విధానం, రెండూ భూస్థానిక సమాచారాన్ని తెరవాలనే చెప్పాయి. పైగా నేను అడిగేది ఎవరి సరిహద్దు రాళ్ల వివరాలూ కాదు. తల మీద ఎన్ని మిల్లీమీటర్ల నీరుందో అడుగుతున్నాను.

ఆ అంకె ఏ భాషలో వస్తుందన్నదీ చిన్న విషయం కాదు. ఇక్కడ ఫోన్లకి వచ్చే హెచ్చరికలు ఒడియాలో, ఇంగ్లిషులో. మా వీధిలో తెలుగు మాత్రమే చదవగల పెద్దవాళ్లు ఇంటికొకరున్నారు. గుమ్మ, సెరంగో కొండల్లో సవరలు ఉన్నారు, చరియలు విరిగేది వాళ్ల మీదే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. కొండ మీది మనిషికి ఆయన మాటలో చెప్పడం ఇక్కడివాళ్లకి కొత్త కాదు.

ఈ వేసవిలో మా మేడ మూల ఒక సిమెంటు దిమ్మ కట్టించి, పాత రిసీవరుని దాని మీద బిగించాను. ముప్ఫై సెకన్లకో రీడింగు. పక్కనే బారోమీటరు. అమ్మ ముందు గొణిగింది గానీ, ఇప్పుడు వడియాలు పెట్టే ముందు జాడీ చూసి, తర్వాత నన్ను కేకేసి "నీ గీత ఏమంటోందిరా" అని అడుగుతోంది. జవాబు చెప్పడానికి నాకు టైము పడుతుంది, ఫైలు కెనడా వెళ్లి రావాలి. పర్లాకిమిడి నెత్తి మీద నీరెంతుందో తెలియడానికి ఇంత దూరం పంపాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఈ చుట్టుపక్కల బేస్ నడుపుతున్న సర్వేయర్లు ఎవరైనా, ఇవతలైనా అవతలైనా, రైనెక్స్ ఫైళ్లు చెరిపేయకండి. యాంటెన్నా మోడలు, ఎత్తు, తేదీ ఫైలు పేరులోనే రాసిపెట్టుకోండి. పంచుకుందామంటే నా ఫైళ్లన్నీ ఇస్తాను.

వచ్చే వారం కాశీనగర్‌లో తాత పొలానికి తూర్పు గట్టు కొలవాలి. బేస్ మళ్లీ ఆ బడి మేడ మీదే వేస్తాను, ఈసారి బారోమీటరు కూడా పట్టుకెళ్తున్నాను.